మా వంతు

ఆ ఏడు తాడేపల్లిగూడెంలో ఆఖరి మ్యాచ్ ఓడి, పాసింజర్లో ఏలూరు తిరిగొస్తున్నాం. భీమడోలు దగ్గర కొల్లేటి గాలి తగిలింది. "వచ్చే ఏడు చూసుకుందాంలేవే" అంది లంక గ్రామం పిల్ల. ముస్లిం పిల్లలం ముగ్గురం కిటికీ వైపు తిరిగాం. వాళ్ళకి ముగిసింది సీజను. మాకు ముగిసింది ఆట.

వాలీబాల్లో ఒక న్యాయముంది. అవతలివాళ్ళ చేతిలోని సర్వీసు గెలుచుకున్న ప్రతిసారీ ఆరుగురమూ ఒక్కో చోటు జరగాలి. నెట్ దగ్గర ఎవరికీ శాశ్వత హక్కు లేదు. వెనక వరుస ఎవరికీ తలరాత కాదు. కోర్టు గీత దాటితే ఆ న్యాయం లేదు.

మమ్మల్ని ఎవరాపారు? "మీ మతం" అంటారు మీరు. "నలుగురేమంటారు?" అంటారు మావాళ్ళు. తంగెళ్ళమూడిలో తివాచీలు నేసి ఇల్లు నడిపిన అమ్మీల చేతులు ఎవరికీ తప్పనిపించలేదు. మా చేతుల్లో బంతే తప్పయింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈజిప్టు అమ్మాయి దోవా ఎల్‌ఘొబాషీ హిజాబుతోనే బీచ్ వాలీబాల్ ఆడింది. 2022లో కర్నాటక కాలేజీల్లో హిజాబు తీస్తేనే క్లాసులోకి రమ్మన్నారు. వేసుకోమనేది ఒకరు, తియ్యమనేది ఒకరు. మీకేం కావాలని మమ్మల్నడిగిందెవరు?

మీ మీద మాకు కోపముంది. దాని చాటున మా తప్పు దాచుకోలేం. ఇప్పుడు మా కూతుళ్ళు బంతి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మీ, వెళ్ళనా?" అంటున్నారు. నాడు మమ్మల్నెవరూ అడగలేదని ఏడ్చిన మేం, నేడు అడుగుతున్నవాళ్ళకి అడ్డం నిలబడితే ఇక ఎవర్నని నిలదీస్తాం?

జరగాల్సిన వంతు ఇప్పుడు మాది.