ఖాళీ కాక్‌పిట్

ఎవరైనా అడిగితే "ఓపిక పెరుగుతుందండీ" అంటాను. ఇంటికొచ్చిన చుట్టాలు అల్మరా అద్దాల వెనక వరసగా నిలబడ్డ విమానాలు చూసి, ఈ వయసులో ఇదేం పిచ్చి అని పైకి అనలేక, "మీకు టైము బాగానే దొరుకుతుందే" అంటారు. వెంటనే ఓపిక గురించీ, ఏకాగ్రత గురించీ, కాసేపైనా సెల్‌ఫోను పక్కన పెట్టడం గురించీ చెప్పేస్తాను. పూర్తిగా అబద్ధమేం కాదు. కానీ గాజువాక సిగ్నల్ దగ్గర ముందున్న ఆటో కాస్త ఆలస్యం చేస్తే హారన్ మీద నుంచి చెయ్యి తియ్యని మనిషిని నేను. ఏళ్ళ తరబడి ఈ ప్లాస్టిక్ ముక్కలు అతికిస్తున్నా, ఆ ఓపిక ఆ గది గుమ్మం దాటి బయటికి రాలేదు. కాబట్టి అసలు కారణం ఇంకేదో ఉండాలి.

మా ఆవిడ వీటిని బొమ్మలంటుంది. భారత ప్రభుత్వానిదీ అదే మాట. కస్టమ్స్ పట్టికలో స్కేల్ మోడళ్ళు 9503 అనే పద్దు కింద, పిల్లల మూడు చక్రాల బళ్ళతోనూ ఆటబొమ్మలతోనూ కలిసి ఉంటాయి. 2020లో ఆ పద్దు మీద సుంకం 20 శాతం నుంచి 60కి పెరిగింది, 2023లో 70 అయింది. ఈ మధ్యలో బొమ్మలకి బీఐఎస్ గుర్తు కూడా తప్పనిసరి చేశారు. ఇక జపాన్ నుంచి ఒక డబ్బా తెప్పించుకోవడమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. "బొమ్మకి ఇంతా!" అని ఆవిడ అడగకముందే నేను ధర చెప్పడం మానేశాను. అడిగినప్పుడు చెప్పే అంకె కూడా వేరు.

ఇంత తంటా పడి ఏం అనుభవిస్తానో చెప్పనివ్వండి. పాలిస్టైరీన్‌కి వాడే పల్చటి జిగురుకి బంక ఉండదు. అది రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. విమానం ఒంటి రెండు సగాలనీ కలిపి పట్టుకుని, సందు మీద బ్రష్ కొస అలా తాకిస్తే చాలు, ఆ ద్రవం తనంతట తనే సందు పొడవునా పాకుతుంది. వేళ్ళతో చిన్నగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి గీతలా పైకి ఉబుకుతుంది. మర్నాడు దాన్ని ఉప్పుకాగితంతో, నీళ్ళు తడుపుతూ అరగదీస్తే అతుకన్నది ఎక్కడుందో నాకే తెలియదు. ఎక్కడైనా సందు మిగిలితే లప్పం. ఆ తరవాత ప్రైమర్, ఆ తరవాత రంగు. మా విశాఖలో వానాకాలం లాకర్ రంగు కొడితే గాలిలో తేమకి తెల్లబారిపోతుంది, ఎండ కాసే రోజు కోసం కాచుకుని కూర్చోవాలి. అన్నిటికన్నా నాకిష్టం డెకాల్, అంటే విమానం మీది గుర్తులూ నంబర్లూ అచ్చేసిన పల్చటి పొర. నీళ్ళలో నానిన కాగితం మీంచి అది రెక్క మీదికి జారుతుంది, మెత్తబరిచే ద్రవం రాయగానే ముడతలు పడిపోతుంది. అంతా పాడైందనిపిస్తుంది. అప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. కాసేపటికి ముడతలన్నీ వాటంతటవే విప్పుకుని, రెక్క మీది గీతల్లోకి దిగి, బ్రష్‌తో వేసిన రంగులా కూర్చుంటుంది. ఆ కాసేపూ నేను ఊపిరి కూడా గట్టిగా పీల్చను.

పనిలో ఉన్న ఈ సుఖాన్ని నేను కాదనను. కుట్టుపని చేసేవాళ్ళకీ, కంసాలికీ, మా వీధిలో రేడియోలు బాగుచేసే ఆయనకీ కూడా ఇది తెలుసు. కానీ దానికి విమానమే ఎందుకు? యుద్ధ ట్యాంకే ఎందుకు? చిన్నదిగానే ఎందుకు?

ఫ్రెంచి మానవశాస్త్రవేత్త క్లోద్ లెవీ-స్ట్రాస్ 1962లో వచ్చిన తన పుస్తకంలో దీని గురించి ఆలోచించాడు. పెద్ద వస్తువుని మనం ముక్కలు ముక్కలుగా తెలుసుకుంటామని, చిన్న నమూనాలో మాత్రం ముందు మొత్తం కనిపించి ఆ తరవాత భాగాలు కనిపిస్తాయని, అందుకే దాని మీద మనకి పట్టున్నట్టు తోస్తుందని ఆయన వాదన. ఆర్కే బీచ్‌లో ఒడ్డున పెట్టిన కురుసుర జలాంతర్గామిలోకి వెళ్ళి వచ్చినవాళ్ళకి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. 91 మీటర్ల పొడవు. లోపలికి దిగితే ఒక గది, ఒక గుండ్రటి సందు, నడుం వంచి దాటితే ఇంకో గది. మొత్తం ఎలా ఉంటుందో ఎక్కడా తెలియదు. అదే 1/350 స్కేల్లో చేస్తే 26 సెంటీమీటర్లు, రెండు చేతుల్లోకి వచ్చేస్తుంది. లోపల నడుస్తున్నంతసేపూ నాకు వచ్చిన ప్రశ్న ఒకటే: ఈ ఇరుకులో సుమారు 75 మంది ఎలా ఉండేవారు, ఎక్కడ పడుకునేవారు అని. ఇంట్లో కూర్చుని ఆ జలాంతర్గామి మోడల్ చేస్తున్నప్పుడు మాత్రం ఆ ప్రశ్న నాకు రాలేదు. పట్టు వచ్చింది, ప్రశ్న పోయింది. లెవీ-స్ట్రాస్ సంగతి అటుంచి, నన్ను తొలిసారి నా మీద అనుమానపడేలా చేసింది ఇదే.

మన కొండపల్లి వాళ్ళు తాటిచెట్టు చేస్తే దాని మీద కల్లు గీసే మనిషిని పెడతారు. ఎడ్లబండికి తోలేవాడుంటాడు. అంబారీ ఏనుగు మీద మావటివాడూ ఉంటాడు, రాజూ ఉంటాడు. మా సరదాలో చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నేను మరీను.

చాలా విమానం కిట్లలో పైలట్ బొమ్మ కూడా వస్తుంది. 1/72 అంటే ఆరడుగుల మనిషి అంగుళం అవుతాడు. కూర్చున్నవాడు కాబట్టి ఇంకా పొట్టి. హెల్మెట్, మాస్కు, ఒళ్ళో పెట్టుకున్న చేతులు. ముఖమంటూ ఉండదు, అచ్చు రెండు సగాలు కలిసిన గీత ఒకటి నెత్తి మీంచి కిందికి దిగుతుంది. నేను వాణ్ణి చట్రం నుంచి కత్తిరించి పక్కన పడేస్తాను. అలా పడేసినవాళ్ళందరూ ఒక ఖాళీ అమృతాంజనం సీసాలో ఒకడి మీద ఒకడు పడి ఉన్నారు. ఎందుకు పెట్టవని తోటి మోడలర్లు అడిగితే, "అచ్చు బాగాలేదు, సీటు బెల్టులు కనపడకుండా పోతాయి" అంటాను. ఈ సాకులకి మా లోకంలో ఎదురుండదు. బెల్టు బకిల్ కోసం ప్రాణం పెట్టేవాళ్ళమే అందరం.

ఈ వదిలెయ్యడం నా ఒక్కడితో మొదలు కాలేదు. షిజువోకాలో కలప వ్యాపారంగా మొదలైన తమియా కంపెనీ 1960లో తెచ్చిన తొలి ప్లాస్టిక్ కిట్ యమాతో యుద్ధనౌక. ఆ ఓడ 1945 ఏప్రిల్ 7న సుమారు 3,000 మందితో మునిగింది. పదిహేనేళ్ళకే అది డబ్బాలో జిగురుతో అతికించుకునే సరదా అయింది. జర్మన్ విమానాల కిట్లలో ఇంకో చమత్కారం ఉంది. హిట్లర్ స్వస్తిక గుర్తుని బహిరంగంగా వాడటానికి జర్మనీ చట్టం ఒప్పుకోదు కాబట్టి, కొన్ని కంపెనీలు దాన్ని పూర్తిగా వదిలేస్తాయి, కొన్ని రెండు ముక్కలుగా అచ్చు వేస్తాయి. ఆ రెండు ముక్కల్నీ తోక మీద పక్కపక్కన సరిగ్గా అతికించే పని కొన్నవాడిది. నేనూ అతికించాను. గీత వంకర పోలేదు కదా అని మాత్రమే చూసుకున్నాను.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. 1963 నుంచి మన వైమానిక దళంలో ఎగిరిన విమానం. ఆ వార్త చూసి అటక మీది డబ్బా దింపాను. రెక్క కొస నుంచి కొసకి పది సెంటీమీటర్లు కూడా లేని బుల్లి విమానం. ఎగురుతున్నట్టు స్టాండ్ మీద నిలబెట్టాను. మా కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దాయన మిగ్‌ల దగ్గర మెయింటెనెన్స్ చేసి రిటైరైన మనిషి. చూపిద్దామని పిలిచాను. మెచ్చుకుంటారని పిలిచాననడం ఇంకా సరైన మాట.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, కింద నుంచి మొదలుపెట్టి చూశారు. "మురికి ఎక్కువైంది బాబూ. మేం రోజూ తుడిచేవాళ్ళం, ఇలా వదిలేస్తే మాకు తిట్లు పడేవి" అన్నారు. నూనె మరకల కోసం నేను పడ్డ శ్రమంతా ఆ ఒక్క మాటతో తేలిపోయింది. తరవాత, "చక్రాలు లోపలికున్నాయి, మూత వేసుంది. నడిపేవాడేడీ?" అన్నారు. నా సాకు చెప్పబోతుంటే వినిపించుకోకుండా, ముక్కు దగ్గరి నంబరు చూపించి, "ఈ నంబరు ఎవరిది?" అని అడిగారు.

"డెకాల్ షీటులో వచ్చిందండీ."

"అది కాదు. ఆ బండి ఏమైంది?"

తెలియదన్నాను. బండి వెళ్ళిందంటే తిరిగొచ్చేదాకా తాము లైన్‌లోనే ఉండేవాళ్ళమని చెప్పి, ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

2012లో అప్పటి రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ పార్లమెంటుకి ఒక లెక్క చెప్పారు. అప్పటిదాకా మిగ్ రకం విమానాలకి 482 ప్రమాదాలు జరిగాయి, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు పోయారు. ఈ అంకెలు నేను ఆయన వెళ్ళాక వెతికి తెలుసుకున్నవి కావు. ఎప్పుడో పేపర్లో చదివినవే. రెక్క మీద ఏ పలక ఎక్కడ మొదలవుతుందో ఎంత బాగా తెలుసో, ఇవీ అంత బాగానే తెలుసు. ఒకటి బల్ల మీదికి తెచ్చుకున్నాను, ఇంకోటి తెచ్చుకోలేదు. అందుకు అచ్చు సరిగ్గా లేకపోవడం కారణం కాదు. కుర్చీలో మనిషి ఉంటే ఆ విమానం ఎక్కడికో వెళుతుంది, ఎవరి మీదో బాంబు వేస్తుంది, లేకపోతే ఏ పొలంలోనో కూలుతుంది. ఖాళీగా ఉంటే అది ఒట్టి అందమైన ఆకారం. నాకు కావలసింది ఆకారమే. ఆఫీసులో, ఇంట్లో, రోడ్డు మీద మనుషులతో వేగి వేగి ఈ గదిలోకి వస్తాను. ఇక్కడ కూడా ఒకడు కూర్చుని ఉంటే ఎలా? చిన్నది చెయ్యడంలో నాకున్న ఆనందంలో సగం, ఆ కొలతలో మనుషులు మిగలకపోవడమే. తోటి మోడలర్లందరిదీ ఇదే అనను. పక్కన సైనికుల్నీ, బురదనీ, పడిపోయిన ఇళ్ళనీ పెట్టి దృశ్యం మొత్తం కట్టేవాళ్ళున్నారు, వాళ్ళ మనసు వేరే.

ఆ వారంలోనే సీసాలోంచి ఒకణ్ణి తీసి అతుకు గీకి, హెల్మెట్‌కి తెలుపు, మాస్కుకి నలుపు వేశాను. పారదర్శకంగా ఉండే మూతకి అసలు జిగురు వాడితే మసకబారుతుందని ఫెవికాల్‌తో అతికిస్తాం కాబట్టి, అది తేలిగ్గానే ఊడింది. వాణ్ణి కూర్చోబెట్టి, మూత మళ్ళీ పెట్టి చూశాను. బాగానే ఉంది, ఇంకా చెప్పాలంటే ముందుకన్నా నిజంగా ఉంది. కానీ అది నాది కాకుండా పోయింది, ఎవరిదో విమానం అయింది. తీసేశాను.