పరుల వ్యథను వ్రాయు కలమునకు ధర్మమేది?

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టవలెనని చెప్పుటకు శాస్త్రచర్చ అక్కరలేదు. పసిబిడ్డకైనను ఆ మాట తెలియును. కాని ఆకలిగొన్నవానిని చూచి అతనిని గూర్చి వ్రాయుట ఎట్టి పని? విలేఖరి కరువు గ్రామమునకు వచ్చునప్పుడు గంజికుండ తేడు; కాలుచున్న ఇంటికి వచ్చునప్పుడు నీళ్లబిందె తేడు. కాగితము, కలము మాత్రము తెచ్చును. చూచినది వ్రాసికొని వెళ్లిపోవును. మరునాడు ఆ వ్యథ అచ్చయి అమ్ముడుపోవును. ఇది సేవయా, పరుల కన్నీటితో వ్యాపారమా? తొందరపడి జవాబు చెప్పక, మన ప్రాంతముల చరిత్రనే సాక్ష్యమడిగి చూతము.

మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్న 1876–78 నాటి మహాక్షామము దక్షిణదేశమును ఊడ్చివేసినది. బళ్లారి, కర్నూలు, కడప సీమలు తల్లడిల్లినవి. ఆ రోజులలో హూపర్ అను సైనికాధికారి మద్రాసు రాజధానిలో ఎముకల గూళ్లయిన మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీసినాడు. చిత్రములు తీసినాడే గాని పిడికెడు మెతుకులు పెట్టలేదని ఆ కాలమువారే అతనిని నిందించినారు. ఆ చిత్రములు నేటికిని ఉన్నవి. చూచినవారి గుండె కలుక్కుమనును. కాని అందలి తల్లి పేరేమి, ఆమె ఏ పని చేసికొని బ్రదికినది, ఎవరి నిర్ణయము వలన ఆ స్థితికి వచ్చినది, ఆ చిత్రము చెప్పదు.

అదే కాలమున, అదే మద్రాసులో విలియం డిగ్బీ 'మద్రాస్ టైమ్స్' పత్రికకు సంపాదకుడు. కరువు పనులలో మగ కూలికి రోజునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కూలి తగ్గించినాడు. ఒక పౌను అనగా అరకిలో కూడ కాదు. ఆ తిండితో పని చేయువాడు బ్రదుకజాలడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించినాడు. ఈ ఆజ్ఞలను, అంకెలను, వాదప్రతివాదములను డిగ్బీ 1878లో రెండు సంపుటముల గ్రంథముగా వెలువరించినాడు. వ్రాసి ఊరకుండక, చందాలు కూర్చి అన్నార్తులకు చేర్చు సంఘమునకు కార్యదర్శిగా పనిచేసినాడు. హూపర్ చిత్రము చూచువాని జాలిని అడుగును. డిగ్బీ గ్రంథము పాలకుని జవాబు అడుగును.

దీనినిబట్టి చిత్రము పాపమనియు అక్షరము పుణ్యమనియు అనుకొనరాదు. 1943 వంగక్షామములో, ఇయన్ స్టీఫెన్స్ సంపాదకుడుగా ఉన్న కలకత్తా 'స్టేట్స్‌మన్' పత్రిక ఆగస్టు 22న వీధులలో పడియున్న అన్నార్తుల చిత్రములను ప్రకటించినది. కరువున్నదని ఒప్పుకొనని ప్రభుత్వమునకు ఇక దాచుట కష్టమైనది. చిన్ననాట ఆ క్షామమును స్వయముగా చూచిన అమర్త్యసేన్, స్వేచ్ఛగల పత్రికలును ప్రజలకు జవాబు చెప్పవలసిన ప్రభుత్వమును ఉన్నచోట మహాక్షామము రాదని తరువాతి కాలమున ప్రతిపాదించినాడు. కావున చిత్రమైనను వ్రాతయైనను, దాని ముఖము ఎటు తిరిగియున్నదన్నదే పరీక్ష. చదువరి కన్నీరు కార్చినంతనే దానము చేసినంత తృప్తి పడును. ఇది సూక్ష్మమైన మోసము. ఆ తృప్తితో చదువరిని నిద్రపుచ్చు వ్రాత ఎంత కరుణారసము చిందించినను వ్యాపారమే. ఎవరికి, ఏమి, ఎవరి వలన జరిగినదో తెలిపి అతనిని నిద్రపోనీయనిది సేవ.

కరువును గూర్చి వ్రాయుటకంటె అంతఃకలహమును గూర్చి వ్రాయుట కష్టము. ఆకలికి పక్షము లేదు. కలహములో మాత్రము ఏడ్చువాడు ఏ పక్షమువాడని మొదట అడుగుదురు. 1948లో మన హైదరాబాదు సంస్థానమున ఇదే జరిగినది. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్, తన మతము పేరు చెప్పుకొని రజాకార్లు చేయు దౌర్జన్యములను ఖండించినాడు. సంస్థానము భారతదేశములో చేరవలెనని వ్రాసినాడు. ఆగస్టు 21 అర్ధరాత్రి అతనిని దారి కాచి చంపినారు. వ్రాసిన చేతిని నరికినారు. అప్పటికి అతనికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. తనవారి చేత బాధపడిన పరులకొరకు వ్రాసినందున అతని వ్రాతకు అంత బరువు వచ్చినది.

అతనిని మనము గౌరవముతో తలచుకొందుము. కాని కథ అక్కడ ముగియలేదు. సెప్టెంబరులో సైనికచర్య జరిగిన పిమ్మట వ్యథ ఇల్లు మారినది. పండిత సుందర్‌లాల్ సంఘము ఆ యేడు చివరి నెలలలో సంస్థానములో తిరిగినది. 'పయాం' పత్రికను నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్ అందులో సభ్యుడు. చనిపోయినవారు తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వరకు ఉందురని, అత్యధికులు ముస్లిములని వారి అంచనా. మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. ఇవి శరణుల అడుగుజాడలున్న సీమలు. మనలో అనేకుల బంధువుల ఊళ్లు. ప్రభుత్వము ఆ నివేదికను దశాబ్దముల తరబడి వెలువరించలేదు. 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయములో అది పాఠకులకు అందలేదు. తమకు జరిగినది నిజమని ఎవరైనను పైకి చెప్పుదురని ఎదురుచూచినవారు ఆలోపల ఎందరు కన్నుమూసినారో!

వ్రాసినంతనే చచ్చినవాడు లేచివచ్చునా అని అడుగువారికి జవాబు ఇక్కడనే ఉన్నది. వ్రాయబడని వ్యథను కాదనుట సులభము. బాధ మొదటి గాయము. అట్టిదేమియు జరుగలేదను మాట రెండవది. కలము మొదటి గాయమును మాన్పలేకపోవచ్చును, రెండవదానిని ఆపగలదు.

ఆ నివేదికలోనే ఒక గొప్ప విషయమున్నది. పెక్కుచోట్ల హిందూ సాలెవారు, తమవలెనే మగ్గము నేయు ముస్లిములను తమ మతస్థుల నుండియే కాపాడినారు; అందుకు ప్రాణములు సైతము ఇచ్చినారు. కాయకము మనుష్యుని మనుష్యునకు చుట్టము చేయునని బోధించుటకు ఇంతకంటె దృష్టాంతము వెదకనక్కరలేదు. దానిని సైతము వ్రాసినవారుండుటచేతనే మనకు తెలిసినది.

ఉప్పుగూడ వంటి పాతబస్తీ పేటలవారికి ఇది పుస్తకములలోని ధర్మసందేహము కాదు. 1978లోను, 1990 డిసెంబరులోను ఈ నగరము కర్ఫ్యూలో మగ్గినది. అట్టి దినములలో వార్త తెచ్చినవానిని మనము మొదట అడుగు ప్రశ్న "మనవాళ్లా, వాళ్లా?" అనునదే. ఆ ప్రశ్నకు జవాబుగా వ్రాసిన పత్రిక శవములను లెక్కించును గాని వ్యథను తెలుపదు. అట్టి పత్రికను కొనువారుండుటచేతనే అది నడచును. కావున కలము ధర్మము సగము వ్రాయువానిదైన, సగము చదువువానిది. మన ఇండ్లలో, మఠములలో పత్రిక విప్పినప్పుడు పరుల ఇంటి ఏడ్పును గూర్చిన వార్తను దాటవేయక తుదివరకు చదువుదము. పిల్లలకు 1948 కథ చెప్పునప్పుడు షోయబుల్లాఖాన్ చేతిని చెప్పుదము. సెప్టెంబరు తరువాతి దినములను సైతము చెప్పుదము.