ఏది ఉంచవలెను? ఏది విడువవలెను?

పేకముక్క యనగానే మన పెద్దలు మొగము చిట్లించుకొనుట వాడుక. ధర్మరాజు జూదమున రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని ఒడ్డిన కథ విని పెరిగినవారికి ఆ భయము న్యాయమే. కాని పందెము వేఱు, ఆట వేఱు. 1967లో ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన యొక వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు రమ్మీ కేవలము అదృష్టముపై నడచు ఆట కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, ఏది నిలుపుకొని ఏది విడువవలెనో ఎఱుగుటకు నేర్పు కావలెననియు తీర్పు చెప్పిరి. ఈ నిలుపుకొనుట, విడుచుటలను గూర్చియే యిచ్చట కొంత ముచ్చటింపదలచితిమి.

పేక మనకు క్రొత్తది కాదు. 1527లో బాబరు చక్రవర్తి సింధుదేశమునకు గంజిఫా ముక్కలను కానుకగా పంపెను. తరువాత అదియే దశావతార గంజిఫాయై, అవతారమునకు పండ్రెండు చొప్పున నూటయిరువది గుండ్రని ముక్కలతో ఇంటింట ఆడబడినది. మనవారు స్థిరపడిన సీమలలో కొన్నింట దాని జాడలు కలవు. ఒడిశాలో రఘురాజపుర చిత్రకారులు, మహారాష్ట్రమున సావంతవాడి కళాకారులు ఆ ముక్కలను చిత్రించిరి. మైసూరున ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868) తామే క్రొత్త పేకాటలను కల్పించిరి. ఆట యొక్కటియే, ఏ సీమకు పోయిన ఆ సీమ రంగు పూసికొన్నది. వలస వచ్చిన కుటుంబముల కథయు నింతియే కదా!

మొన్న వేసవి సెలవులలో బరంపురమున మా యింటికి పిల్లలొక క్రొత్త పేకాటను తెచ్చిరి. పేరు డొమీనియన్. 2008లో వెలువడినది, కల్పించినవాడు డొనాల్డ్ వాకరీనో అను అమెరికా దేశీయుడు. ఇందు ఆటగాండ్రెల్లరు సమానముగా మొదలిడుదురు. ఒక్కొక్కరికి పది ముక్కలు: ఏడు రాగినాణెములు, మూడు ఎస్టేట్లు. వంతు వచ్చినప్పుడు చేతికి అయిదే ముక్కలు. వానిలోని నాణెములతో నడుమ పఱచిన కట్టలనుండి మెఱుగైన ముక్కలు కొనవలెను. కొన్నది మన పేకలోనే చేరి, పేక అయిపోయి మరల కలిపిన పిమ్మట తిరిగి చేతికి వచ్చును. కొన్ని పేకాటలలో పంచిన ముక్కలే ప్రాప్తము. ఇందు ఎవరి పేకను వారే కట్టుకొనవలెను. అయినను కలిపిన తరువాత ఏ ముక్క ఎప్పుడు వచ్చునో ఎవరి వశమును కాదు. పురుషకారము, దైవము రెండును ఒకే బల్లపై కూర్చుండిన ఆట యిది.

ఇందొక చిత్రము కలదు. ఎస్టేటు ఆట ముగిసినప్పుడు లెక్కలో ఒక పాయింటు తెచ్చును. అంతవఱకు చేతికి వచ్చినప్పుడెల్ల చోటు ఆక్రమించుటయే కాని దానితో ఏదియు కొనలేము. కావుననే నేర్పరులు ‘ప్రార్థనాలయము’ అను ముక్కను ముందే కొని, దాని మహిమచే చేతిలోనివి నాలుగింటివఱకు ఆటనుండియే తొలగింతురు. మొదట చేత బెట్టిన రాగియు, ఎస్టేట్లును అట్లే పోవును. పేక పలుచనైన కొలది మంచి ముక్కలు తఱచుగా వచ్చును.

మా అమ్మగారికి ఎనుబదియేండ్లు దాటినవి. పిల్లలు పట్టుబట్టగా ఆమెయు ఆటకు కూర్చుండిరి. ‘మంత్రగత్తె’ ముక్కతో అందఱకు శాపపు ముక్కలు పంచి పసిపిల్లవలె నవ్విరి. కాని ఎస్టేట్లను మాత్రము వదలరైరి.

“మామ్మా, అవి పారెయ్యి. చేతికి అడ్డం తప్ప ఎందుకూ పనికిరావు,” అని మా చిన్నవాడు.

“మొదట ఇచ్చినవి కదరా! వాటిని పారేసుకుని గెలిస్తే అదేం గెలుపు?” అని ఆమె.

వాడు గెలిచెను, ఆమె ఓడెను, అందఱు నవ్వితిమి. కాని ఆ రాత్రి వాని మాట మమ్ము నిద్రపోనీయలేదు. ఏలయన, ఆ నెలలోనే వాని చదువు విషయమున మేము తెలుగును తొలగించి వేఱొక పాఠ్యాంశమును వ్రాయించితిమి. అప్పుడు మేమన్న మాటయు అదియే: “అడ్డం తప్ప ఎందుకు పనికివస్తుంది?” వాడు ఆ మాటను ఆటలో నేర్వలేదు, మా నోట నేర్చెను.

అయిన పిల్లవానిది తప్పా? మొదట చేతికి వచ్చినదంతయు పవిత్రమని మేము చెప్పజాలము. అంటు, ఆడపిల్లకు చదువేల యనుట పెద్దలనుండి వచ్చినవే. వానిని విడుచుటవలన మనకు నష్టము కలుగలేదు సరికదా, మనుష్యత్వము పెరిగినది. విడుచుటయు నొక ధర్మమే.

కాని ఆటకును బ్రతుకునకును భేదము కలదు. ఆటలో ప్రతి ముక్కపై దాని వెల యచ్చువేసి యుండును, బ్రతుకులో నుండదు. ఆటలో నా ముక్కను నేను విడిచిన పొరుగువాని పేకకు లోటు లేదు. భాష యట్టిది కాదు. తండ్రి విడిచిన మాట బిడ్డ పేకలోనికి రానేరాదు. ఒడియా, హిందీ, ఇంగ్లీషు నేర్చుటకు తెలుగును పాఱవేయ నక్కఱలేదని మనము సులభముగా చెప్పుదుము. నిజమే, కాని చేతికి వచ్చునవి అయిదే ముక్కలన్నట్లు దినమునకు గంటలును మితమే. ఈ చిక్కును దాచుట న్యాయము గాదు.

ఇచ్చటనే మా దోషము మాకు కనబడినది. మేము తెలుగును ఎస్టేటు ముక్కవలె ఉంచుకొంటిమి. ఉగాదినాడు, సభలలో, ఇట్టి సంచికలలో లెక్కకు వచ్చును. తక్కిన దినములలో దానితో ఏదియు కొనము. అట్లుంచుకొన్న భాష చేతికి అడ్డమని బాలుడనుకొనిన తప్పు వానిది కాదు. ఒక వస్తువును ప్రేమించుచున్నామని చెప్పి దానిని వాడకుండుట, దానిని విడుచుటకంటె గొప్ప నీతి యేమియు కాదు. నిలుపుకొనుట యనగా పెట్టెలో దాచుట కాదు; రాగినాణెమైనను దినదినము చెల్లింపవలెను.

మఱునాటి సాయంకాలము ఆటకు ముందు వానినొక కోరిక కోరితిమి: నియమములన్నియు మామ్మకు తెలుగులో చెప్పుమని. వాడు తడబడెను. ఆమె మాటలందించిరి: పేక కలుపు, కోత వెయ్యి, ముక్కలు పంచు, నీ వంతు, నా వంతు. గంటలో ముగియవలసిన ఆటకు రెండు గంటలు పట్టినది. ఎవరును తొందరపడలేదు. పాఠశాల తెఱచిన పిమ్మట ఆ పాఠ్యాంశమును మరల వ్రాయించుటకు వీలుపడునో లేదో ఇంకను తేలలేదు. సాయంకాలపు ఆట మాత్రము మా చేతిలోని పని.

ఆ దినమున మామ్మగారు రెండు ఎస్టేట్లు విడిచి ఒకటి నిలుపుకొనిరి. గెలిచిరా యందురా? లేదు. కాని తుది లెక్కలో ఆ యొక పాయింటును వాడే, తెలుగులో, బిగ్గరగా లెక్కపెట్టి ఆమెకు చెప్పెను.