సంచిలోని ప్రాణము – ఒక అహింసా విచారము

"ప్రమాదము" అను మాటకు నేడు తెలుగున వాడుకలోనున్న అర్థము అనుకొనని ఆపద. రైలు ప్రమాదము, అగ్ని ప్రమాదము అందురు. సంస్కృతమున ఆ మాటకు మొదటి అర్థము ఏమరుపాటు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసను నిర్వచించునపుడు గ్రహించినది ఈ మొదటి అర్థమునే. ఏమరుపాటు కారణముగా ఒక ప్రాణికి ప్రాణహాని కలిగినచో అది హింస. చంపవలెనను కోరిక ఉండనక్కరలేదు. ఈ రెండర్థముల నడుమ గల దూరము ఎంతయో తెలిసికొనుటకు పెద్ద యుద్ధములను తలచుకొన పనిలేదు. ఒక ప్లాస్టిక్ సంచిలోని చిన్న చేపను తలచుకొనిన చాలును.

చెన్నైలోని కొళత్తూరు అలంకార మత్స్యముల వ్యాపారమునకు పేరుపడిన చోటు. అచ్చట ఆరు చేపలను కొని, సంచిలో కట్టించుకొని, కారులో హోసూరికి బయలుదేరిన ఒక కుటుంబమును ఊహింపుడు. దారి 300 కిలోమీటర్లకు పైమాట. వారు ప్రొద్దు క్రుంకకముందే భుజించువారు. నీరు వడగట్టనిదే త్రాగరు. పిండిలో పురుగు కనబడిన దానిని మెల్లగా తీసి ఆవల విడుచువారు. నడిదారిలో ఫలాహారమునకు దిగినపుడు అద్దములు మూసిన కారు ఎండలో నిలిచినది. ఇల్లు చేరునప్పటికి ఆరింట రెండు చేపలు వెల్లకిల తేలినవి. "పాపము, ప్రమాదవశాత్తు చచ్చినవి" అని ఇంటివారందురు. ఆ మాటలో వారు ఉద్దేశించిన అర్థమొకటి. శాస్త్రము వినిపించు అర్థము మరొకటి.

చేప పంచేంద్రియ జీవి. చీమకు మూడింద్రియములు, ఈగకు నాలుగు అని లెక్కించి జాగ్రత్తపడు శ్రావకుడు, ఐదింద్రియములు గల జీవిని చేతబట్టినపుడు అంతకు మించిన జాగ్రత్త వహింపవలెను గదా. ఆ జాగ్రత్తకు మంచి మనసొక్కటే చాలదు. సంచిలో నేమి జరుగుచున్నదో తెలిసియుండవలెను.

సంచిలోని నీరు చెరువు కాదు. చేప శ్వాసించుకొలది అందలి ఆక్సిజను తగ్గును, బొగ్గుపులుసు వాయువు పెరుగును. మొప్పలనుండి అమ్మోనియా వెలువడి నీటిలో చేరును. అందుచేత తెలిసిన వర్తకుడు సంచిలో మూడవవంతు మాత్రమే నీరు పోసి, మిగిలిన భాగమును సిలిండరునుండి ఆక్సిజనుతో నింపును. నోటితో ఊదిన గాలి పనికిరాదు. అది ఒకసారి వాడిన గాలి. సంచికి సంచి తొడుగును. మూలలలో చిన్న చేపలు ఇరుకుకొని నలిగిపోవునని వానిని రబ్బరు బ్యాండుతో కట్టి గుండ్రముగా చేయును. ఫైటరు చేప నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనునది. దానిని ఒంటిగా, పైన గాలి కుండునట్లు కట్టవలెను.

వేడిమి సంగతి మరింత ముఖ్యము. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజను ఇముడును. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగును. వేడి పెరిగినకొలది చేపకు కావలసిన ఆక్సిజను మాత్రము హెచ్చును. ఆదాయము తగ్గి వ్యయము పెరిగిన ఇంటివలె సంచి చితికిపోవును. సంచిని మూతగల థర్మోకోలు పెట్టెలో నుంచినచో వేడి తగలదు, చీకటిలో చేపకు బెదురు తగ్గును, కుదుపు తక్కువగును. ఈపాటి పనికి ధనము గాని పాండిత్యము గాని అక్కరలేదు. ఎండలో కారు నిలుపునపుడు పెట్టెను నీడకు దింపుట తలచుకొనిన చాలును. ఆ తలపు లేకపోవుటయే ఏమరుపాటు.

అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి: కట్టివేయుట, కొట్టుట, అవయవములను ఛేదించుట, మితిమించిన బరువు మోపుట, అన్నపానములను నిరోధించుట. ఇవి ఎద్దును, గుఱ్ఱమును దృష్టియందుంచుకొని చెప్పినట్లు తోచును గాని సంచిలోని చేపకును చెల్లును. పది చేపలు పట్టు సంచిలో ఇరువదింటిని కుక్కుట అధిక భారము మోపుటయే. ఐదవదానియొద్ద మాత్రము ఒక చిక్కు గలదు. దూరప్రయాణమునకు ముందు ఒక దినము చేపకు మేత పెట్టరాదు. తిన్న చేప సంచిలోని నీటిని వేగముగా మలినపరచుకొని ఆ విషముననే చచ్చును. ఇది అన్ననిరోధము కాదా? కాదు. యజమాని తన లాభమునకై మేత బిగబట్టిన అతిచారము. జీవి మేలునకై, మేలెరిగి, ఒక్క దినము ఆపిన రక్షణ. చూపునకు ఒక్కటే ఐన క్రియ ఒకచోట హింస, మరియొకచోట దయ అగుచున్నది. ఆ భేదమును తెలుపునవి రెండు – ఉద్దేశము, తెలివి. దయతో దారిపొడుగునా బిస్కట్టు పొడి వేసిన పిల్లవానికి ఉద్దేశమున్నది, తెలివి లేదు. తెలివి నేర్పవలసిన భారము పెద్దలది.

ఇల్లు చేరుటతో పని తీరదు. వడగట్టిన నీటి శేషమును ఏ బావినుండి తోడిరో ఆ బావిలోనే తిరిగి విడువవలెనను ఆచారము జైన గృహములలో అనాదిగా గలదు. ఒక నీటి జీవికి మరియొక నీరు ప్రాణాంతకము కావచ్చునను ఎరుక అందున్నది. క్రొత్త తొట్టికి చేపను మార్చునపుడు అదే ఎరుక కావలెను. ముడి విప్పకయే సంచిని తొట్టి నీటిపై పదునైదు, ఇరువది నిమిషములు తేలనిచ్చినచో రెండు నీళ్ల వేడిమి సమమగును. ముడి విప్పిన పిమ్మట జాగు చేయరాదు. చిరకాలము మూసియున్న సంచిలో బొగ్గుపులుసు వాయువు వలన నీరు పులిసియుండును. అట్టి నీటిలో అమ్మోనియా విషము అణగియుండును. విప్పగనే ఆ వాయువు వెడలిపోయి విషము బలపడును. కాబట్టి చేపను మెల్లగా వలతో తీసి తొట్టిలో విడిచి, సంచి నీటిని వెలుపల పారబోయవలెను. తొట్టి సైతము నాలుగైదు వారముల ముందే సిద్ధపడి యుండవలెను. అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు అందు పెరుగుటకు అంత కాలము పట్టును. కంటికి కానరాని ఆ జీవుల సేవ లేనిదే చేప బ్రతుకదు. జీవులు ఒకదాని కొకటి ఆధారమను బోధకు ఇంతకంటె సన్నిహితమైన నిదర్శనము ఇంటిలో దొరకదు.

ఇచ్చట ఒక ఆక్షేపము వచ్చును. ఇంత జాగ్రత్త యేల, కొనకుండుటయే మేలు గదా? బంధించుట మొదటి అతిచారము గదా? ఈ ఆక్షేపము న్యాయమైనదే. కొననివానికి కొనకుండుటయే ఉత్తమమార్గము. "అంగడిలోని చేపను విడిపించి తెచ్చితిమి" అను సమాధానము నిలువదు. ఇచ్చిన వెల మరియొక చేపను ఆ తొట్టిలోకి రప్పించును. "పెంచలేకున్న చెరువులో విడుతుము" అను మాట మరింత అపాయకరము. దక్షిణ అమెరికానుండి తొట్లకై తెచ్చిన సక్కరు చేప ఇట్లే బయటపడి తమిళనాడు, ఆంధ్ర ప్రాంతముల చెరువులలో వ్యాపించి స్థానిక మత్స్యములకు శత్రువైనది. జీవదయ పేరిట చేసిన పని జీవహింసగా పరిణమించినది.

కాని కొన్నవానికి ఉత్తమమార్గము మూసుకొనిపోయినను ధర్మము మూసుకొనిపోలేదు. మొదటి అడుగు తప్పినదని రెండవ అడుగు ఎట్లు వేసినను సరియే అనుట ధర్మము కాదు, సాకు. వెల చెల్లించి సంచిని చేతబట్టిన క్షణముననే ఆ ప్రాణమునకు గాలి, నీరు, నీడ అన్నియు ఆ చేయియే అయినది. చెరువులోని చేప ఎండ తగిలిన లోతునకు పోవును. సంచిలోని చేప ఎచ్చటికి పోగలదు? తప్పించుకొను దారి లేనిదానియెడ, దారి మూసినవానికి బాధ్యత అధికము.

నడచునపుడు అడుగుముందు నేలను చూచి నడువుమని పెద్దలు నేర్పినారు. నేడు నడక కారెక్కినది. కాలిక్రింది చీమతోపాటు వెనుక సీటులోని సంచిని సైతము చూచుకొనవలసి వచ్చినది. ఏమరుపాటు లేని ప్రయాణముననూ చేప చావవచ్చును. అట్టిదానిని ఆపద యనవచ్చును. ఎండలో మరచిన సంచిని మాత్రము ఆ పేరుతో పిలువరాదు. దానికి తగిన పేరు తెలుగున లేకపోలేదు. ప్రమాదము అను మాటనే, దాని మొదటి అర్థముతో పలికిన సరిపోవును.