చెప్పవలసిన మాట వేళకు చెప్పవలెను



మేము బడిలో పనిచేసిన రోజులలో ఒక ఉదయము ఒక పిల్లవాడు ఆటస్థలములో పడి చేయి విరుగగొట్టుకొన్నాడు. ఆసుపత్రికి తీసికొనివెళ్లి కట్టు కట్టించాము గాని, ఇంటివారు కంగారుపడుదురని సాయంత్రము వరకు కబురు పంపలేదు. తండ్రి వచ్చి దెబ్బ విషయమై మమ్మును నిందించలేదు. "పొద్దున్నే ఎందుకు చెప్పలేదు మాష్టారూ?" అని మాత్రము అడిగాడు. మాయొద్ద జవాబు లేదు.

జనులు కంగారుపడుదురన్న ఈ సాకునే పెద్ద పెద్ద సంస్థలవారు కూడ చెప్పుచుందురు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారము నుండి విషవాయువు వెలువడినప్పుడు, ఊరివారిని హెచ్చరించు సైరను కొద్దిసేపు మ్రోగి ఆగిపోయినది. చిన్న లీకులకు చుట్టుప్రక్కలవారు భయపడకూడదని కంపెనీ పెట్టుకొన్న పద్ధతి అది. ముఖమునకు తడిగుడ్డ కప్పుకొనుడని చెప్పువారు లేరు. వేలమంది మరణించారు.

2020 మే 7న మన విశాఖపట్నములో ఎల్‌జీ పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి వ్యాపించి 12 మంది చనిపోయారు. అక్కడ సైరను ఉండియు మ్రోగించలేదని ప్రభుత్వము నియమించిన కమిటీ తేల్చినది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడ గలదు. 1982లో అమెరికాలోని చికాగో ప్రాంతమున టైలినాల్ అను నొప్పి మందులో ఎవరో విషము కలుపగా ఏడుగురు చనిపోయారు. నేరస్థుడెవరో నేటికిని తేలలేదు. అయినను జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీవారు "మాకేమి సంబంధము?" అనలేదు. ఆ మందు వాడవద్దని దేశమంతటను చెప్పి, సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనుకకు తీసికొన్నారు. పడిపోయిన అమ్మకములు తరువాత తిరిగి పెరిగినవి.

"పూర్తిగా తెలియకముందే చెప్పుట తొందరపాటు కాదా?" అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఊహలను నిజములుగా చెప్పుట తప్పు. కాని తెలిసినదేమి, ఇంకను తెలియనిదేమి, ఇప్పుడు చేయవలసినదేమి అని మూడింటిని విడదీసి చెప్పవచ్చును. అపాయము ఎవరి మీదికి వచ్చునో, దానిని ముందుగా తెలిసికొను హక్కు వారిది.

పరాయి రాష్ట్రములలో స్థిరపడిన మనకు సంఘమే పెద్ద దిక్కు. భవన నిధిలో లోటు వచ్చినను, కొనిన స్థలముపై వ్యాజ్యము పడినను, సభ్యులు ఆ సంగతి బజారులో విని తెలిసికొనరాదు. కమిటీవారే ముందుగా కూర్చుండబెట్టి చెప్పవలెను. లోటును జనులు క్షమింతురు గాని, దాచినందుకు నమ్మకము పోవును. ఆనాడు ఆ తండ్రి అడిగిన ప్రశ్న మనలను ఎవరును అడుగనక్కరలేకుండునట్లు చూచుకొందము.