రెండు చెంచాల తోడు

అనగనగా ఒక ఊళ్లో ఒక అవ్వ ఉండేది. కాచిన పాలలో ఎండుమిరప తొడిమలు వేసి, ఏ తోడూ లేకుండా పెరుగు పుట్టించే విద్య ఆ ఊళ్లో ఆవిడొక్కదానికే వచ్చు. కోడలికి అంత విద్య లేదు. నిన్నటి పెరుగు కాస్త ఉంటే చాలు, గోరువెచ్చని పాలలో కలిపి, మూత పెట్టి, తెల్లారేసరికి గడ్డపెరుగు చేసేది. ఆ ఊరికో కట్టుబాటు కూడా ఉంది: తోడు తల్లి నుంచి పిల్లలకే వెళ్లాలి, పొరుగింటి గడప దాటకూడదు.

ఒకనాడు అవ్వ కాలం చేసింది. తొడిమల గుట్టు ఆవిడతోనే పోయింది.

"పెరుగు పుట్టించే చెయ్యి పోయిందమ్మా. ఇంక మీ ఇంట పెరుగు ఎన్నాళ్లు?" అన్నారు ఇరుగుపొరుగు.

కోడలు బదులు పలకలేదు. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక కుండ అడుగున రెండు చెంచాలు మిగిల్చి, ఆ పూట పాలు తోడుపెట్టింది.

కొడుకులు వేరుపడ్డ రోజున పెరుగు చెరిసగం పంచింది. ఇద్దరూ సగం కుండ మీద సగం పాలు పోసుకున్నారు. తెల్లారేసరికి రెండు కుండలూ నిండా పెరుగే. మనవలూ, మునిమనవలూ అలాగే వేరుపడ్డారు. ఏ ఇంటా కుండ వట్టిపోలేదు.

ఒక్క ఇంట తప్ప. అక్కడ చుట్టాలొచ్చిన రాత్రి కుండ గీకి మరీ వడ్డించేశారు. మర్నాడు అవే పాలు, అదే కుండ, అదే చెయ్యి. పెరుగు మాత్రం పేరుకోలేదు. ఆ వేసవి వడగాడ్పులకు తాళలేక ఆ ఇంటివాళ్లు ఒక్కొక్కరే మంచమెక్కారు.

ఇది కట్టుకథే. కానీ పావురాల రెట్టలో కనిపించే క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అనే శిలీంధ్రంలో దాదాపు ఇలాగే జరిగింది. దాని డీఎన్‌ఏలో గెంతే జన్యువులు కిక్కిరిసిన చోట్ల సైటోసిన్ అక్షరాల మీద మిథైల్ గుర్తులుంటాయి. కొత్తచోట గుర్తు పెట్టగల అవ్వ పేరు డీఎన్‌ఎమ్‌టీ-ఎక్స్. ఆ ప్రోటీన్ జన్యువును ఈ జాతి పూర్వీకులు 5 నుంచి 15 కోట్ల ఏళ్ల కిందటే పోగొట్టుకున్నారు. మిగిలింది కోడలు, డీఎన్‌ఎమ్‌టీ-5. కణం రెండైనప్పుడు ప్రతి డీఎన్‌ఏలోనూ ఒక పోగు పాతది, ఒకటి కొత్తది. పాత పోగు మీద గుర్తున్న చోటే, ఎదురుగా కొత్త పోగు మీద కోడలు గుర్తు పెడుతుంది.

శాస్త్రవేత్తలు ఆ కోడలిని తీసేసి చూస్తే గుర్తులన్నీ చెరిగిపోయాయి. మళ్లీ తెచ్చి పెట్టినా అవి తిరిగి రాలేదు. తోడు లేదు మరి! 2020లో సెల్ పత్రికలో ఈ సంగతి రాస్తూ వారన్నదేమంటే, అప్పుడప్పుడూ గుర్తులు జారిపోతూనే ఉన్నా, వాటిని నిలుపుకున్న సంతానాన్నే ప్రకృతివరణం ఇన్ని కోట్ల ఏళ్లూ ముందుకు నడిపించిందని.

నీతి: పుట్టించే విద్య రానివాడికి మిగల్చడమే విద్య. ఎంత ఆకలి రాత్రయినా కుండ అడుగున ఆ రెండు చెంచాలూ మనవి కావు, రేపటివి.