సోషల్ సారు ప్రయోగం

“సోషలు కూడా సైన్సేనా అన్నా? నీకు ల్యాబేది?” అన్నడు మా సర్కారు బడి సైన్సు సారు. నవ్వుకుంటనే అన్నడు. నేను నవ్వలేకపోయిన. నాచారం ఫ్యాక్టరీల్లో మూటలు మోసిన మాదిగాయన కొడుకును. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాదే, అదీ సోషియాలజీతోని. దాన్ని ఉత్త ముచ్చట్ల చదువంటే కడుపుల కలుక్కుమంటది.

మరి ఏది శాస్త్రం? కొలత ఉంటే చాలా? 1901 జనాభా లెక్కల కమిషనరు రిజ్లే, ముక్కుల కొలతలు పట్టుకుని కులానికి మూలం జాతి అన్నడు. పరికరముంది, అంకెలున్నయి. అయినా నిలవలేదు. 1948లో అంబేద్కర్ ‘అన్‌టచబుల్స్’ పుస్తకంలో ముక్కు కొలతలనే ముందరేసి, బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేరే జాతులు కాదని వాదించిండు. అంతకు చానా ముందే, 1916లో, కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో కులానికి ఆయువుపట్టు కులం లోపలి పెండ్లేనని చెప్పిండు. అప్పటికి ఆయనకు పాతికేండ్లు. చేతిల నెత్తుటి సీసా లేదు. తొంభై ఏడేండ్ల తర్వాత, 2013లో, మా ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీ వాళ్ళు హార్వర్డ్ వాళ్ళతో కలిసి 73 సమూహాల జన్యువులు చూసిండ్రు. సుమారు 1,900 ఏండ్ల కిందటి దాకా కలిసిన జనం ఆ తర్వాత కలవడం మానేసిండ్రని రాసిండ్రు. మంచి పనే. మా వాడల మాత్రం ఈ సంగతి చెప్పడానికి ఎవరి నెత్తురూ తీయాల్సిన పని లేకుండె.

అయితే మాకు తెలిసినంత మాత్రాన అది శాస్త్రమైపోదు. తప్పని తేలే దారి కూడా తెరిచిపెట్టాలె. పోయినేడు ఉప్పల్‌ల కిరాయిల్లు వెతికిన. ఐదు టూలెట్ బోర్డులు. ఐదు చోట్లా “మీరు ఏమోళ్ళు?” అని అడిగిండ్రు. చెప్పిన. ఒకరికి అన్న కొడుకు వస్తున్నడట, ఒకరికి నిన్ననే అడ్వాన్సు ముట్టిందట. వారం దాటినా బోర్డులు అట్లనే ఉన్నయి. సైన్సు సారుకు చెప్తే, “అడ్వాన్సిచ్చినోళ్ళు వెనక్కి పోయిండ్రేమో” అన్నడు. ఒళ్ళు మండింది. కాని అడగాల్సిన ప్రశ్నే. ఆయన ల్యాబుల కప్ప వేరు, కోసే చెయ్యి వేరు. నా ప్రయోగంల కప్పను నేనే, కోసేదీ నేనే, రికార్డు రాసేదీ నేనే.

“అయితే నువ్వు పోయి అడుగు” అన్న. ఆయన రెడ్డి. ఆ సాయంత్రమే పోయిండు.

మర్నాడు ప్రేయరయినంక కూడా మాట్లాడలేదు. మధ్యాహ్నం టిఫిన్ మూత తీస్తూ, తలెత్తకుండ, “మొదటింట్ల తొమ్మిది వేలట. ఆదివారమే సామాను దించుకోమన్నడు. రెండో ఇంట్ల చాయ్ తాపిండ్రు. మూడోదానికి నేను పోలేదన్నా” అన్నడు.